అనియాన్ అనేవాడు పుట్టలేదు

గెనేరిస్ కథ మొదలుపెట్టిందంటే ఆ పల్లెలో ఎవరో ఒకరి పొయ్యి మీద జావ మాడాల్సిందే. ఇది పొగడ్తగా అన్న మాట కాదు, కోడళ్ల మీద అత్తలు చెప్పుకునే ఫిర్యాదు. చలికాలం పొద్దు వాలగానే ఆడవాళ్లు కదుళ్లూ ఉన్నీ చంకన పెట్టుకుని ఆమె గుడిసెకు బయల్దేరేవారు. గుడిసె ఎంతనుకున్నారు? నాలుగు గొర్రెలు పడుకుంటే మనిషి నిలబడి ఉండాల్సినంత. అందులోనే ఒకరి మోకాళ్లు ఒకరికి తగులుతూ కూర్చుని, చేతిలో పని మరిచి, నోళ్లు తెరుచుకుని వినేవారు.

ఆమె పుట్టిందీ మెట్టిందీ ఆర్వన్ కొండల కిందే. మొగుడు ఇతెల్ మంచివాడు, కాని సొంత నేల లేనివాడు. ఆ దేశంలో నేల లేకపోవడమంటే ఒట్టి పేదరికం కాదు. తాతల నేల మీద లేనివాణ్ణి పరాయివాడు అనేవారు. పరాయివాడి కొడుకు పరాయివాడు, వాడి కొడుకూ పరాయివాడే. సభలో వాడి మాటకు బరువుండదు, విందులో వాడి చోటు తలుపు పక్కన, గాలి కొట్టేచోట. ఇతెల్ వంశకర్త కాద్రోద్ అనేవాడు ఏనాడో ఒక మనిషిని చంపి, కట్టుబట్టలతో కొండ దాటి పారిపోయి వచ్చాడట. వదిలి వచ్చిన నేల ఎక్కడికీ పోలేదు, కొండకు అవతల ఏథిన్ లోయలో అలాగే ఉంది. కాద్రోద్ తమ్ముడి సంతతివాళ్లు దాన్ని దున్నుకుంటూ చల్లగా బతుకుతున్నారు.

ఇతెల్‌కి ఉన్న ఆస్తల్లా పేర్లు. పరాయి దొర నేల దున్నుతూ, ఎడ్ల తోకల వెనక నడుస్తూ, తండ్రి నుంచి మొదలుపెట్టి కాద్రోద్ దాకా పేర్లు పాడుకునేవాడు. గెనేరిస్‌కు అవి పెళ్లైన కొత్తల్లోనే నోటికి వచ్చేశాయి. ఊపిరితిత్తులు పట్టేసి మంచం మీద పడ్డప్పుడు కూడా ఆయన అదే అప్పగించాడు. "పేర్లు కింద పడనివ్వకే. పిల్లాడికి పట్టించు. పేర్లు చెప్పగలిగినోడికి నేల తిరిగొస్తుంది." ఆయనకు తెలిసింది అంతే. ఆయన చెప్పింది నిజమే, కాని సగమే నిజం.

మిగతా సగం చట్టం దగ్గర ఉంది. ఆ దేశపు చట్టం పుస్తకాల్లో ఉన్నా అసలు కాపురం మాత్రం తీర్పరుల నోళ్లలోనే. మూడు మాటలు ఒక కట్టగా కట్టి కంఠతా పట్టేవారు. కథలు చెప్పేవాళ్లూ సరిగ్గా అలాగే పట్టేవారు. ఒకే పొయ్యి, ఒకే వంట. మగవాడు వడ్డిస్తే చట్టమన్నారు, ఆడది వడ్డిస్తే కథన్నారు. ఆ చట్టం చెప్పేదేమంటే, నేల వదిలిపోయినవాడి సంతతి తిరిగి వచ్చి అడగవచ్చు, కాని వదిలిపోయినవాణ్ణి ఒకటిగా లెక్కపెడితే తొమ్మిదో మనిషి దాకానే. తొమ్మిదోవాడితో హక్కు ఆరిపోతుంది. ఆరిపోయే ముందు ఆ తొమ్మిదోవాడు సభలో నిలబడి ఒక కేక వేయవచ్చు. ఆ కేక చట్టం విని తీరాలి. విని, ఆ నేల మీద కూర్చున్న వాళ్లలో ఒక్కొక్కరికి ఎంతుందో అంత వాడికీ ఇప్పించాలి. పదోవాడు గొంతు చించుకున్నా చట్టానికి చెవుడే. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు 'అన్నూవన్ మీది కేక'. అన్నూవన్ అంటే నేల కింద, నీళ్ల కింద ఉండే లోకం, కథల్లో వీరులు వెళ్లివచ్చే లోకం. అంతటి గట్టి చట్టం కూడా ఆఖరికి పేరు కావాల్సివచ్చి ముసలమ్మల కథల గుమ్మం ముందే నిలబడింది.

ఇవేవీ గెనేరిస్‌కు తెలియవు. ఆడవాళ్లు భూమి సభలో మాట్లాడరు కాబట్టి ఆమెకు చెప్పవలసిన అవసరం ఎవరికీ రాలేదు.

ఆమెకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు అనియాన్. చిన్నవాడు ఇద్వాల్ ఇంకా పాలు తాగుతుండగానే పెద్దవాడు వాగులో పడిపోయాడు. ఆరేళ్లవాడు. చేపల కోసమో, నీళ్లలో మెరిసే రాయి కోసమో వంగి ఉంటాడు. పక్కింటి రిరిద్ గొయ్యి తవ్వాడు. ఆ ఏడాది చలికాలంలోనే ఇతెల్ కూడా పోయాడు. గెనేరిస్ మొగుడికోసం ఏడ్చింది గాని, కొడుకు కోసం ఏడ్వలేకపోయింది. వాడి పేరు ఎత్తబోయి ఇంకేదో మాట అనేసేది. పోనుపోను ఊళ్లో వాళ్లు కూడా ఆమె ముందు ఆ పేరు ఎత్తడం మానేశారు.

ఇద్వాల్‌కి మాటలు వచ్చాక, మొగుడికిచ్చిన మాట ప్రకారం రోజూ పేర్లు చెప్పించేది. ఇద్వాల్ తండ్రి ఇతెల్, ఇతెల్ తండ్రి గుర్గాన్, గుర్గాన్ తండ్రి మేరిగ్. ఒక సాయంత్రం మేరిగ్ తర్వాత రూన్ అనాల్సిన చోట, ఆమె ప్రమేయం లేకుండానే, నోట్లోంచి 'అనియాన్' అని వచ్చేసింది. కదుళ్లు తిప్పుతున్న ఆడవాళ్లంతా ఒక్కసారి ఆగిపోయారు.

"అనియాన్ ఎవరమ్మా? నిన్న లేడుగా!" అన్నాడు పిల్లాడు.

"నిన్న నువ్వు నిద్రపోయావులే. మీ తాతలకు తాత. వాగులోకి దిగాడు."

"దిగి?"

"దిగి... అడుగునున్న లోకానికి వెళ్లాడు. అక్కడి రాజు పోనివ్వనన్నాడు. 'మా అమ్మ ఎదురుచూస్తుంటుంది, పోవాలి' అన్నాడు వీడు."

"మరి పోనిచ్చాడా?"

గెనేరిస్ పొయ్యిలోని నిప్పు వంక చూసింది. "పోనిచ్చాడ్రా. తెల్లావును కూడా తోలిచ్చాడు. వీడు ఆవు తోక పట్టుకుని, జుట్టంతా నీళ్లు కారుతూ, ఇదిగో ఈ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు" అంది. వాడి కోసం మొదటిసారి ఆమెకు ఏడుపు వచ్చింది. పొగ కళ్లలోకి పోయిందని అందరూ అనుకున్నట్టు నటించారు.

అప్పటినుంచి మేరిగ్‌కూ రూన్‌కూ మధ్య అనియాన్ ఉన్నాడు. చచ్చినవాడి కళ్లు చారెడంటారు. ఆమె కథలో వాడి కళ్లే కాదు, కాళ్లూ చేతులూ అన్నీ పెరిగాయి. గుర్రమెక్కాడు, పెళ్లాడాడు, పిల్లల్ని కన్నాడు, నెత్తి నెరిసేదాకా బతికాడు. కన్నతల్లి చేయలేకపోయిందంతా కథ చేసిపెట్టింది. ఇద్వాల్‌కి మిగతా తాతలెవరూ అక్కర్లేదు, అనియాన్ నీళ్లలోంచి పైకి వచ్చే ఘట్టం రెండుసార్లు చెప్తేగాని పడుకునేవాడు కాదు. ఊరంతటికీ నిజం తెలుసు. ఒక్కరంటే ఒక్కరు పిల్లాడితో అనలేదు. ఏ కొంటె కోడలైనా నోరు తెరవబోతే రిరిద్ పెళ్లాం తొడ మీద గిల్లేది.

వాడికి ఊహ తెలిశాక చెప్పాలనుకుంది. చెప్పలేదు. చెబితే వాడు మళ్లీ నీళ్లలోకి పోతాడు, ఈసారి రాడు. పైగా వంశంలో ఒక మంచి పేరు ఎక్కువైతే ఎవరి సొమ్ము పోయింది అనుకుంది. దండలో పూవు ఎక్కువైతే దండ తెగుతుందా?

ఇద్వాల్ పెరిగాడు. పద్నాలుగేళ్లకు, అక్కడి ఆచారం ప్రకారం, దొర దగ్గర పనికి కుదిరాడు. మంచి పశువుల కాపరి అనిపించుకున్నాడు. హినిద్ అనే పిల్ల వాడివైపు చూసింది, వాడూ చూశాడు. పిల్ల తండ్రి మాత్రం తేనెకల్లు ముంత కింద పెట్టకుండానే తేల్చేశాడు.

"కుర్రాడు బంగారంలాంటోడే. కాదన్లేదు. పరాయోడికి పిల్లనిస్తే రేపు నా మనవడు పరాయోడవుతాడు. నీ నేల నువ్వు తెచ్చుకో, పిల్లని నేనే తెచ్చి నీ గుమ్మంలో దింపుతా."

అలా ఇద్వాల్ ఏథిన్ లోయ సభకు కబురు పెట్టాడు. విత్తడం అయిపోయి, కోతలు ఇంకా రాని రోజులు. అప్పుడే భూమి తగాదాలు వింటారు. కొడుకు తలకు వెన్న రాసి దువ్వుతూ గెనేరిస్, "పేర్లు గుర్తున్నాయారా?" అంది.

"ఏంటే అమ్మా ఆ ప్రశ్న! నీ పేరైనా మర్చిపోతానేమో గాని అవి మర్చిపోతానా?" అన్నాడు. ఆమె మురిసిపోయింది.

సభ కొండవాలున, ఆరుబయట. దొర తరఫు పెద్దమనిషి గాలికి వీపు పెట్టి కూర్చున్నాడు, పక్కన ముసలి తీర్పరి. ఒక పక్క ఇద్వాల్, తోడుగా రిరిద్, ఊరి నుంచి నడిచివచ్చిన మగవాళ్లు. రెండో పక్క ఆ నేల మీద ఉన్న కాదూగన్, నెరిసిన గడ్డం, ముంజేతులు లావు. వరసకు ఇద్వాల్‌కి పెదనాన్న. చెడ్డవాడేమీ కాదు. తాతల నాటినుంచి దున్నుతున్న నేలను ఎవడో వచ్చి అడిగితే నవ్వుతూ ఇచ్చేవాడు ఏ దేశంలోనూ పుట్టడు. ఆడవాళ్లు సభకు అడ్డంగా కట్టిన తాడుకు ఇవతల. గెనేరిస్ అక్కడే నిలబడింది.

ఇద్వాల్ గొంతు బాగుంది. తల్లి గొంతే. "ఇద్వాల్ తండ్రి ఇతెల్. ఇతెల్ తండ్రి గుర్గాన్. గుర్గాన్ తండ్రి మేరిగ్. మేరిగ్ తండ్రి అనియాన్. అనియాన్ తండ్రి రూన్. రూన్ తండ్రి తెగ్వారెద్. తెగ్వారెద్ తండ్రి బ్లెదిన్. బ్లెదిన్ తండ్రి నిన్యో. నిన్యో తండ్రి కాద్రోద్, ఈ నేల ఆయనది." జనం మెచ్చుకోలుగా గుసగుసలాడారు. కొడుకు నోట అంతమందిలో అనియాన్ పేరు విని గెనేరిస్ ఒళ్లు పులకరించింది. అంత సంతోషం ఆమెకు మళ్లీ రాలేదు.

కాదూగన్ తరఫున వాదించేవాడు బక్కపల్చటి కుర్రవాడు. వాడు లేచి, చిన్నపిల్లలకు లెక్కలు నేర్పేవాడిలా వేళ్లు ముడిచాడు. "బాబుగారు చక్కగా పాడారు. నేనూ లెక్కపెట్టుకుంటూ పోయాను. తమరూ పెట్టే ఉంటారు. పదోవాడండీ ఈయన."

తీర్పరి కళ్లు మూసుకుని మళ్లీ పెదవులు కదిపాడు. తర్వాత నిట్టూర్చాడు. "తొమ్మిదోవాడి కేక వింటాం నాయనా. పదోవాడిది వినం. నీ తండ్రి వచ్చి ఉండాల్సింది."

గెనేరిస్‌కు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక కాళ్లు ఆగలేదు. తాడు దాటి పరుగెత్తింది. "అయ్యా, వాడు తొమ్మిదోవాడే! ఒక పేరు నాది! నేను కలిపాను బాబూ, నేను..."

"అమ్మా, వెనక్కి వెళ్లు" అన్నాడు తీర్పరి. కసురుకోలేదు. "భూమి మీద ఆడమనిషి సాక్ష్యం చెల్లదు. నాకు నీ మాట వినపడలేదు, అర్థమైందా? నాకు వినపడితే నీ కొడుక్కే చెరుపు." తర్వాత ఇద్వాల్ వైపు తిరిగి, అందరికీ వినపడేలా, "తీర్పుకు ముందు ప్రతివాడికీ తన మాట బాగుచేసుకునే వీలుంది. పక్కకు వెళ్లి మాట్లాడుకు రండి" అన్నాడు.

గొడ్ల దొడ్డి వెనక ముగ్గురూ నిలబడ్డారు, తల్లి, కొడుకు, రిరిద్.

"ఏంటమ్మా ఇది? ఏ పేరు కలిపావు?" ఇద్వాల్ మొహం పాలిపోయి ఉంది.

రిరిదే చెప్పాడు. "అనియాన్ మీ తాత కాదురా. మీ అన్న. నువ్వు పాలు తాగేటప్పుడు వాగులో పోయాడు. నా చేతులతోనే మట్టి కప్పాను."

ఇద్వాల్ తల్లి వైపు చూశాడు. కోపమైతే ఆమె తట్టుకునేది. "పైకి రాలేదా మరి?" అని అడిగాడు, గుడిసెలో పొయ్యి పక్కన కూర్చున్న పిల్లాడిలా.

"రాలేదురా తండ్రీ."

అతను చేత్తో మొహం తుడుచుకుని, "సరే. పోయి ఉన్నదున్నట్టు చెప్తా. మా అన్న పేరు, మా అమ్మ కథలో కలిపిందని" అన్నాడు.

రిరిద్ చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఒరే పిచ్చోడా, కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుద్ది. ఒక పేరు ఆడదాని కథలోదంటే, మిగతావి మాత్రం ఎక్కణ్ణించి వచ్చాయంటారు? మీ నాన్న పోయేనాటికి నీకు మాటలే రాలేదు. అన్నీ మీ అమ్మ నోటినుంచే కదా! ఒక్కటి కథైతే అన్నీ కథే. సభలోకెళ్లి నోరు జారిందని చెప్పు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు, ఇది ఒక్కటేగా."

"మామా, ఉన్నవాణ్ణి లేడని ఎలా..."

"లేడనే చెప్పు" అంది గెనేరిస్. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "ఉన్నోడికి కూడు కావాలి. పోయినోడికి ఏం కావాల్రా? వెళ్లు."

ఇద్వాల్ సభలోకి వెళ్లి, నోరు జారిందన్నాడు. తన వంశంలో అనియాన్ లేడన్నాడు. అంతటితో పోయేదే. కాని ఆ బక్క కుర్రవాడు ఊరుకునే రకం కాదు.

"కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. చట్టం దయగలది కాబట్టి తీసుకోనిస్తోంది, మంచిదే. కాని పేరు గాల్లోంచి ఊడిపడదు కదండీ! ఇంట్లో ఉన్న పేరే నోట్లోకి వస్తుంది. అలాంటివాడు వీళ్ల ఇంట్లో ఏనాడూ లేడని ప్రమాణం చేయమనండి. ఈయన ఒక్కడే కాదు, ఊరివాళ్లతో కలిపి ఏడుగురు."

తీర్పరికి అది న్యాయంగానే తోచింది. గుడిలోంచి ఏ కాలంనాటి మునిదో ఒక ఎముకను వెండి పెట్టెలో పెట్టి తెచ్చారు. మాటలు తీర్పరే కూర్చి ఇచ్చాడు. కథ చెప్పేవాళ్లలాగే ఆయనకూ మూడు మాటలైతేగాని ముగింపు ఉండదు.

ఇద్వాల్ పెట్టె మీద చెయ్యి పెట్టాడు. "కాద్రోద్ వంశంలో, ఇతెల్ రక్తంలో, అనియాన్ అనేవాడు పుట్టలేదు, పెరగలేదు, చావలేదు" అన్నాడు. ఆ మూడింటిలో నిజం 'పెరగలేదు' ఒక్కటే.

తర్వాత రిరిద్ వంతు. పెట్టె దగ్గరికి వెళ్లి, చెయ్యి ఎత్తి, ఆగి, తాడు ఇవతల ఉన్న గెనేరిస్ వంక చూశాడు. ఆమె తల ఊపింది. గొయ్యి తవ్విన చేతిని ఎముక మీద పెట్టి, అనియాన్ అనేవాడు పుట్టలేదని రిరిద్ ప్రమాణం చేశాడు. తర్వాత పిల్లాణ్ణి నీళ్లలోంచి బయటకు తీసినవాడు చేశాడు. వాడికి చెప్పుల జత కుట్టినవాడు చేశాడు. వాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని ఊరంతా తిప్పినవాడు చేశాడు. ఒక్కొక్కరూ ఆమె వంక చూడటం, ఆమె తల ఊపడం. దొంగ ప్రమాణానికి నరకమని తెలిసినవాళ్లే అందరూ, ఆమె కోసం చేశారు. వాళ్ల మంచితనమే ఆమెను కోసింది. ఒక్కడైనా 'ఛీ, నేను చెప్పను' అంటే బాగుండుననుకుంది, అనకూడదని దేవుడికి దండం పెట్టుకుంది. ఇరవై ఏళ్లుగా కథలో పెంచుకున్న కొడుకు, ఏడో మనిషి చెయ్యి తీసేసరికి, లేడు.

"ఇక నీ కేక వెయ్యి" అన్నాడు తీర్పరి.

ఇద్వాల్ సభ మధ్యకు నడిచాడు. "నేలగలవాణ్ణి నేలలేనివాణ్ణి అవుతున్నాను" అనే మాటలు దానికి ఉన్నాయి. అవి వాడు అన్నాడో లేదో ఎవరికీ తెలియదు. వాడు తల వంచి, కాళ్ల కింది నేలలోకి, అడుగున ఉందంటారే ఆ లోకంలోకి, అరిచాడు. కొండ కిందున్న గొడ్లు తలలెత్తి చూశాయి. బక్క కుర్రవాడు కూడా కూర్చుండిపోయాడు. నేల కోసం అంత దుఃఖపడ్డవాణ్ణి తానెన్నడూ చూడలేదని తీర్పరి తర్వాత పదిమందితో అన్నాడట. పాపం, తీర్పరి.

కాదూగన్ వాటాతో సమంగా వాటా వచ్చింది. వాగు పక్క చెక్క, కాద్రోద్ నాటి పొయ్యిరాయి ఉన్నచోటు.

ఇంటికి నడుస్తుంటే ఇద్వాల్ వెనకబడి తల్లితో కలిశాడు. ముందు కాదూగన్ మనుషులు కొందరు అదే దారిన పోతున్నారు. అతను గొంతు తగ్గించి, "అమ్మా, వాడు ఎలా ఉండేవాడు?" అన్నాడు.

ఆమె ముందుకే చూస్తూ, "ఎవర్రా?" అంది.

"అదేనే..."

"ఎవరూ లేరు. ఏడుగురు ప్రమాణం చేశారు. నోరు మూసుకుని నడువు."

అంతే. దారిలో ఆపి వాణ్ణి కావలించుకుని, నీలాగే ఎడమ చేత్తో తినేవాడురా, నిద్రలో నవ్వేవాడురా అని చెప్పాలని ఆమెకు లేకనా? ఆ పేరు మళ్లీ బయటపడితే ప్రమాణం దొంగదవుతుంది, నేల పోతుంది, రిరిద్‌తో సహా ఏడుగురూ తల ఎత్తుకోలేరు. ఇన్ని పెదవులు కలిసి మూసిన తలుపును తాను ఒక్కతే తెరవకూడదనుకుంది.

హినిద్ తండ్రి మాట తప్పలేదు. ఏథిన్ లోయలో కొత్త ఇల్లు లేచింది. ఇద్వాల్ ఇప్పుడు ఎవరికీ పరాయివాడు కాదు, విందులో పొయ్యికి దగ్గరగా కూర్చుంటున్నాడు. గెనేరిస్ పాత ఊరు, పాత వాగు, రిరిద్ తవ్విన ఆ చిన్న గొయ్యి కొండకు అవతల వదిలేసి వచ్చింది. కొత్త ఊరి ఆడవాళ్లు ఆమె పేరు విని కదుళ్లతో వచ్చారు.

"అత్తా, ఒక్క కథ చెప్పవా? కొండవతలోళ్లు నీ గురించి తెగ చెప్తారు."

"నా దగ్గర కథలు లేవమ్మా. అయిపోయాయి."

"కథలు అయిపోవడమేంటి, చోద్యం! పిండి డబ్బా అనుకున్నావా?"

వాళ్లు నవ్వారు, ఆమె కూడా నవ్వింది, చెప్పలేదు. ఒకటి రెండేళ్లు చూసి వాళ్లే రావడం మానేశారు. గర్విష్ఠి అన్నారు.

కొడుకు పుట్టినప్పుడు ఇద్వాల్ తల్లి దగ్గరికి వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు. "అమ్మా, వాడి పేరు పెడతానే. పుణ్యముంటుంది. ఎవరికి తెలుస్తుంది?"

పసివాణ్ణి ఒళ్లో పెట్టుకుని ఆమె చాలాసేపు వాడి వేళ్లు ఒక్కొక్కటే విప్పి చూసింది. పిలవొచ్చు. రోజుకు పదిసార్లు, అన్నానికి రారా అని, నీళ్ల దగ్గరికి పోకురా అని, నోరారా పిలవొచ్చు. "కాదూగన్ ఇల్లు ఈ పక్కనే" అంది చివరికి. "ఇంట్లో ఉన్న పేరే నోట్లోకి వస్తుందని ఆ కుర్రకుంక అన్లేదూ? తాత పేరు పెట్టు." వాడికి ఇతెల్ అని పెట్టారు.

గెనేరిస్ ఆ పిల్లాడికి పేర్లు పట్టించింది. తండ్రి నుంచి కాద్రోద్ దాకా, ఒకటి ఎక్కువ కాకుండా, ఒకటి తక్కువ కాకుండా. మేరిగ్ తర్వాత రూన్ అని ఆమె చెప్పేటప్పుడు ఇద్వాల్ ఏదో పని ఉన్నట్టు బయటికి పోయేవాడు.

ఆమె వానలు మొదలయ్యే రోజుల్లో మంచం పట్టింది. చివరిరోజు మధ్యాహ్నం ప్రార్థన చేయడానికి గుడి గురువు వచ్చాడు. వంశానికి పెద్ద కాబట్టి, ఆచారం ప్రకారం, కాదూగన్ కూడా వచ్చి తలవైపు కూర్చున్నాడు. బాగా ముసలివాడయ్యాడు. పాత పగ ఏమీ లేదు, మొన్నటిదాకా తన ఆవు పాలే ఆమెకు పంపించాడు. పోయేవాళ్లు తమకంటే ముందు పోయినవాళ్ల పేర్లు చెబితే గురువు వాళ్లందరికీ కలిపి ప్రార్థన చేస్తాడు. అక్కడ కలుసుకోవడానికి అదే దారి అని వాళ్ల నమ్మకం.

"ఎవరి పేర్లు చెప్పమంటావు తల్లీ?"

"మా అమ్మ, మా నాన్న" అని వాళ్ల పేర్లు చెప్పింది. "మా ఆయన ఇతెల్." రిరిద్ పేరు కూడా చెప్పింది, అతను పోయి అప్పటికి రెండేళ్లు.

"ఇంకా?"

ఆమె పెదవులు కదిలాయి. కళ్లు తిప్పి తలవైపున్న కాదూగన్‌ని చూసింది, తలుపు దగ్గర నిలబడ్డ మనవణ్ణి చూసింది, కొడుకును చూసింది.

"ఇంకెవరూ లేరు" అంది.

గురువు ఆ పేర్లకే ప్రార్థన చేశాడు. ఇద్వాల్ నోరు తెరవబోయాడు. తెరవలేకపోయాడు. అమ్మ ఇంతకాలం మోసి తెచ్చిన దాన్ని ఆఖరి నిమిషంలో తాను కింద పడేస్తే ఆమె క్షమించదు. ప్రార్థన అయిన కాసేపటికి గెనేరిస్ పోయింది.

పొద్దు వాలుతుండగా ఇద్వాల్ ఒక్కడే ఇంటి వెనక కొండ ఎక్కాడు. పాత ఊరి వాగు అక్కణ్ణించి కనపడదు, అటువైపు తిరిగి నిలబడ్డాడు. గురువు ప్రార్థనలో చేర్చని వాడికి అమ్మ వస్తున్నట్టు ఎవరు కబురు చెప్తారు? రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అరిచాడు. "అనియాన్! అన్నా! అమ్మ వస్తోందిరా! ఎదురెళ్లు!" గొంతు పోయేదాకా అరిచాడు. తర్వాత కిందికి చూస్తే, కాదూగన్ తన గుమ్మం బయట, కర్ర పట్టుకుని, మొహం ఇటే పెట్టి నిలబడి ఉన్నాడు. ముసలాయన చెవులు మహా చురుకు. కాసేపు అలాగే ఉండి లోపలికి వెళ్లిపోయాడు.

మర్నాడు మట్టి ఇచ్చేచోట ఊరంతా ఉంది. పార పక్కన పెట్టి నిలబడ్డ ఇద్వాల్ దగ్గరికి కాదూగన్ మెల్లగా నడిచివచ్చాడు. పదిమందీ వినేలా, కాస్త గట్టిగానే అడిగాడు.

"నిన్న పొద్దుగూకేటప్పుడు కొండ మీద నక్క కూసిందిరా. విన్నావా?"

ఇద్వాల్ ముసలాయన కళ్లలోకి చూశాడు. ఆ కళ్లు తడిగా ఉన్నాయి.

"విన్నాను పెదనాన్నా" అన్నాడు. "నక్కే."